కొళాయి తీర్మానం

మార్చి 6, 1954

ఇవాళ కూడా మిల్లు గేటు దగ్గర్నించి వెనక్కి పంపేశారు. రానివాళ్ళ బదులు పనిచేసే మాలాంటి బదిలీ కూలీలు ఎక్కువైపోయారట. మిల్లు కూత, అదే సంగు, ఊదేదాకా నిలబెట్టి, ఊదాక పొమ్మన్నారు. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అని అడిగితే గేటు మేస్త్రి నా పేరు పట్టుకున్నాడు. దొరై అని పేరు పెట్టుకున్నోడికి పనెందుకు, ఇంట్లో కూచుంటే తెచ్చిపెడతారు కదా అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చేదాకా నా మీద నాకే కోపం.

ఇది తెలుగులో రాస్తున్నాను. మిషన్ బడిలో ఐదో క్లాసు దాకా నేర్చుకున్న అక్షరాలు. ఆరు నించి తమిళం బడి అన్నారు, నేను అసలు బడే వద్దన్నాను. ఊరు తమిళమైనా మా లైనులో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు, చదవగలిగినవాళ్ళు కూడా లేరు. కాబట్టి ఇక్కడ ఎవరినైనా తిట్టొచ్చు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఇంకా నీళ్ళకోసం నిలబడే ఉంది. ఊడ్చేవాళ్ళకని మునిసిపాలిటీ కట్టించిన ఈ రెండు వరసల ఇళ్ళకీ, అంటే మా లైనుకి, కొళాయి లేదు. నాయుడు వీధి మూల కొళాయే దిక్కు. మా వాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. బోర్డేమీ రాసిపెట్టలేదు, అయినా ముట్టుకోరు. కుండలు కింద పెట్టి దూరంగా నిలబడతారు. ఆ వీధివాళ్ళు ఎవరైనా వచ్చి తిప్పి పోస్తే తెచ్చుకుంటారు. రోజూ పోసేది తాయమ్మాళ్. ఇవాళ ఆమె ఏదో చావుకని అన్నూరు పోయింది. ఇంకెవరూ బయటికి రాలేదు. అమ్మ చీకటితో లేచి బజారు వీధులూ మునిసిపల్ హాలూ ఊడ్చి వచ్చిన మనిషి, పొద్దెక్కేదాకా అక్కడే ఎండలో నిలబడి ఉంది. మిగతా ఆడవాళ్ళు కుండల పక్కన కూచుని పేలు చూసుకుంటున్నారు.

నేను పోయి కొళాయి తిప్పాను. అన్ని కుండలూ పట్టాను. తర్వాత మొహం కూడా కడుక్కున్నాను.

మార్చి 7

కొళాయిని చింతపండు పెట్టి తోమారట. తోమి పసుపు నీళ్ళు పోశారట. ఇత్తడి బంగారంలా మెరుస్తోందని పోయినవాళ్ళంతా చెప్తున్నారు. పోనీ, నా పుణ్యాన అదైనా శుభ్రమైంది.

శానిటరీ మేస్త్రి కరుప్పుసామి వచ్చాడు. మావాడే, ఈ లైనులోనే పుట్టాడు, ఇప్పుడు ఖాకీ చొక్కా వేసుకుని మా అమ్మలాంటివాళ్ళ హాజరు చూస్తాడు. మునిసిపాలిటీ వైస్ చేర్మన్ సుందరమూర్తి నాయుడు చాలా కోపంగా ఉన్నాడని చెప్పాడు. జిన్నింగ్ ఫ్యాక్టరీ ఆయనది, మా లైనుకు పోయే దారిలో పెళ్ళిళ్ళకని కొత్తగా కట్టిన చత్రమూ ఆయనది. చేతులు కట్టుకోవడం ఎలాగో కరుప్పుసామి నాకు చేసి చూపించాడు. నాకు ఆ విద్య రాలేదు.

మార్చి 11

నాయుడు ఒక ఆలోచన చేశాడట. లైనువాళ్ళు ఇంక వాళ్ళ వీధికి రాకుండా, లైనుకే వేరే కొళాయి ఒకటి మునిసిపాలిటీ చేత వేయిస్తాడట. ఈ నెల కౌన్సిల్ కూటంలో, అంటే మీటింగులో, పెడతారట.

లైనంతా పండగ. మా అవ్వ ఆరాయి, అమ్మకు అమ్మ, నా తల నిమిరి, నువ్వు తిప్పబట్టే వచ్చిందిరా అంది. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ కొళాయి మనం ముట్టకూడదని ఇచ్చే కొళాయి అది. దాన్ని తీసుకుంటే వాళ్ళన్నది ఒప్పుకున్నట్టే అన్నాను. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. తలెత్తలేదు.

"నీకు రోసం ఉండాది. నాకు కుండ ఉండాది," అంది. "రోసం పోస్తే కుండ నిండుతాదా?"

"ఎప్పుడూ ఇంతేమా నువ్వు. భయం."

"ఆ, భయమే. ఈ ఇల్లు నీదా? నాదా? చీపురుది. చీపురు పొయ్యిన పొద్దే ఇల్లూ పోతాది. నువ్వు యాడ పడుకుంటావో చూసుకో."

కూటం రోజు హాలుకు రావద్దని ఒట్టు వేయించుకోవాలని చూసింది. వస్తాను, నోరు మాత్రం తెరవను అన్నాను. అంతవరకే ఒప్పుకుంది. ఊరికే చూడ్డానికి పోతాను. కొళాయి నాకు అక్కర్లేదు.

మార్చి 19

పని లేదు.

మార్చి 20

పని ఉంది. పత్తి బేళ్ళు విప్పే చోట వేశారు. రోజంతా దూది మింగాను. రాత్రి దగ్గితే అమ్మ లేచి వీపు రాసింది. పడుకున్నట్టు నటించాను.

మార్చి 30

ఇవాళ కూటం జరిగింది. వరసగా రాస్తాను. రాయకపోతే రేపటికి నేనే తప్పు విన్నానని అనుకుంటాను.

హాల్లో వెనక ఒక బెంచీ ఉంది, జనం కూచుని చూడొచ్చు. నేను కూచున్నాను. బంట్రోతు వచ్చి గోడ పక్కన నిలబడమన్నాడు. ఈ బెంచీ జనానికి కదా అన్నాను. వాడు నా పక్కన కూచున్న బట్టల కొట్టాయన వంక చూశాడు. ఆయన లేచి వేరే చోటుకి పోయాడు. బెంచీ మొత్తం నాకే దక్కింది.

అమ్మ వెనక తలుపు దగ్గర చీపురుతో నిలబడి ఉంది. కూటం రోజు అదీ ఆమె పని. కౌన్సిలర్లు తాంబూలం ఉమ్మితే ఉమ్ముడబ్బాలు మార్చాలి, ఏదైనా ఒలికితే తుడవాలి, అందరూ పోయాక ఊడ్చాలి. నన్ను చూసి చూడనట్టే ఉంది.

మొదట డేరా సినిమా లైసెన్సు. తర్వాత పిచ్చికుక్కలు. పట్టినవాడికి కుక్కకి ఇంత అని ఇస్తే పక్క ఊరి కుక్కల్ని కూడా తోలుకొచ్చి చూపిస్తున్నారని ఒకాయన ఫిర్యాదు చేశాడు, దాని మీద చాలాసేపు వాదించుకున్నారు. అంతా తమిళమే. చేర్మన్ మొదలియారు, మిగతావాళ్ళు గౌండర్లు, చెట్టియార్లు. తెలుగు మాట్లాడేవాళ్ళు ఇద్దరే, సుందరమూర్తి నాయుడూ ఆయన పక్కన కూచునే పళనిసామి నాయుడూ.

కొళాయి తీర్మానం వచ్చింది. లైనుకు ఒక కొళాయి, మెయిన్ పైపు నించి లైను దాకా కొత్త పైపు. ఎవరూ వద్దనలేదు. అప్పుడు సుందరమూర్తి నాయుడు కుర్చీలో పక్కకు తిరిగి పళనిసామి నాయుడితో తెలుగులో మాట్లాడాడు. గొంతు తగ్గించను కూడా లేదు. మిగతావాళ్ళు కాగితాలు చూసుకుంటూ ఆగారు. అలవాటే కాబోలు. ఇద్దరు నాయుళ్ళు తెలుగులోకి పోతే, తలుపేసుకున్నట్టే.

"తీర్మానం లైనుకనే పోనీ," అన్నాడు. "పైపు మన చత్రం దాకా వస్తాది. ఆ మీద బండ తగిలిందని నిలిపేద్దాం. వైగాసి నెలలో కమలం పెండ్లికి నీళ్ళు కావాల కదా."

పళనిసామి నాయుడు తవ్వకం చూసే ఓవర్సియర్ సంగతి అడిగాడు.

"వాడు మనం చెప్పినట్ల రాస్తాడు. ఇంక లైనోళ్ళా, వాళ్ళు వచ్చి అడగబోతారా?"

అమ్మ ఆయన కుర్చీ వెనకే ఉంది. చీపురు చాస్తే ఆయన భుజానికి తగులుతుంది. నేను ఎదురుగా బెంచీ మీద ఉన్నాను. ఊళ్ళో తెలుగు ఇంటి బాసగా ఉన్నది రెండు చోట్లే, వాళ్ళ వీధిలోనూ మా లైనులోనూ. ఆ సంగతి ఆయనకి తెలియదా? తెలుసు. వీధిలో మా వాళ్ళని తిట్టేది తెలుగులోనే. కాని హాల్లో ఎవరెవరు ఉన్నారని లెక్క చూసుకున్నప్పుడు మేం ఆయన లెక్కలోకి రాలేదు. కుర్చీలు తెలుగు విన్నా పర్వాలేదు కదా, అలాగ.

లేచాను. ఆయన అన్నదంతా తమిళంలో గట్టిగా చెప్పాను. చత్రం, బండ, పెళ్ళి, ఓవర్సియర్, ఏదీ వదల్లేదు.

హాలంతా గోల. పళనిసామి నాయుడు గ్లాసు ఒలకబోసుకున్నాడు. సుందరమూర్తి నాయుడు మాత్రం నవ్వాడు. మా అమ్మాయి కమలం పెళ్ళి గురించి మాట్లాడుకుంటుంటే ఈ పిల్లవాడికి కొళాయి వినపడిందా అన్నాడు. పళనిసామి నాయుడు అవునవును, పెళ్ళి మాటే అన్నాడు. చేర్మన్ అటూ ఇటూ చూశాడు. ఈ హాల్లో తెలుగు వచ్చినవాళ్ళు ఇంకెవరున్నారని అడిగాడు. అడిగి, తనకే గుర్తొచ్చినట్టు తలుపు వైపు తిరిగాడు.

"ఇరుళాయీ, ఉనక్కు తెలుంగు తెరియుమే," అన్నాడు. నీకు తెలుగు తెలుసు కదా, ఏం విన్నావో చెప్పు అని.

అందరూ మా అమ్మను చూశారు. అంతమంది ఒకేసారి ఆమెను చూడ్డం ఇదే మొదలై ఉంటుంది. సుందరమూర్తి నాయుడు ఒక్కడే చూడలేదు. చేతి ఉంగరం తిప్పుకుంటూ ఉన్నాడు.

నా చెవిలో ఏమీ పడలేదు సామీ, అంది అమ్మ.

తీర్మానం పాసైంది. నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాగారు. ఒలికిన నీళ్ళు తుడవమని లోపల ఎవరో అమ్మకి చెప్పడం వినపడింది.

మార్చి 31

ఇంటికి పోలేదు.

ఏప్రిల్ 3

అవినాశిలో ఉన్నాను. అమ్మ తమ్ముడు చిన్నప్పన్ మామ ఇక్కడ గుడి వీధి చివర చెప్పులు కుడతాడు. ఏమొచ్చిందిరా అని అడిగాడు. పని చూసుకుందామని వచ్చానన్నాను. సరే అని తోలు తడిపే పని చెప్పాడు.

ఆ ఊరు మర్చిపోయాను. కొళాయి మర్చిపోయాను. వాళ్ళు ఎక్కడ వేసుకుంటే నాకేం?

ఏప్రిల్ 4

మర్చిపోయాను.

ఏప్రిల్ 8

మామకి అంతా తెలుసు. బస్సు డ్రైవర్లు చెప్పారట. ఇన్నాళ్ళూ తెలియనట్టు కూచున్నాడు. ఇవాళ కుట్టుకుంటూ కుట్టుకుంటూ, మీ అమ్మను అట్ల నడి కూటంలో నిలబెడితివే, ముందుగా ఒక మాట అడిగితివా అన్నాడు. నిలబెట్టింది చేర్మన్, నేను కాదు అన్నాను. లేచింది ఎవురు అన్నాడు. నువ్వు లేస్తే పోయేది మాటే, ఆమె నోరు తెరిస్తే పోయేది ఇల్లు, రెండూ ఒకటేనా అని కూడా అన్నాడు. నేను తోలు తడుపుకుంటూ కూచున్నాను. మామ కూడా భయస్తుడే. ఆ ఇంటి వాళ్ళంతా అంతే.

అమ్మను క్షమించేశాను. ఇది రాసి పెట్టుకుంటే మంచిది. ఆమె అడగలేదు, అయినా.

ఏప్రిల్ 17

అవ్వ వచ్చింది. ఈ వయసులో బస్సెక్కి, దారిలో దిగి ఇంకో బస్సు మారి, దారి పొడుగునా కండక్టర్లని తిడుతూ వచ్చింది. నాకోసం రాగి సంకటి ముద్ద ఆకులో కట్టుకొచ్చింది. పులిసిపోయింది. తిన్నాను.

పైపు తవ్వకం మొదలై ముగిసిపోయిందట. చత్రం మూల దాకా వచ్చి నిలిచిపోయింది. బండ తగిలిందని చెప్పారు. లైనులో అందరూ పోయి చూశారు. గుంటలో మట్టి తప్ప ఏమీ లేదు, ఒక పిల్లోడు కర్రతో గుచ్చితే మూరెడు దిగిందట. నేను విన్నది విన్నట్టే జరిగింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకో సంగతి చెప్పింది అవ్వ. అది అయ్యాక మా అమ్మ నాయుడు వీధి మూల కుండ పెట్టుకుని కూచుని మాట్లాడ్డం మొదలుపెట్టిందట. హాల్లో వాళ్ళిద్దరూ తెలుగులో ఏమేమి అనుకునేవాళ్ళో, ఆడవాళ్ళందరికీ చెప్పుకుంటూ పోయిందట. మాకివ్వాల్సిన సబ్బులు ఎట్లా ఆపారు, కరువు భత్యం ఎందుకు ఆలస్యమైంది, కుప్పమ్మాళ్ కొడుక్కి బడిలో చోటు ఎవరు వద్దన్నారు. ఏళ్ళ తరబడి విన్నదంతా.

"ఇన్నాళ్ళు నోరు తెరవలా," అంది అవ్వ. "మొన్న తెరిచింది, ఇప్పుడు మూసుకోమంటే మూసుకోదు. తాయమ్మాళ్ నీళ్ళు పోస్తా పోస్తా ఆమె కూడా నిలబడి వినింది, కుండ పొర్లిపొయ్యె."

నన్ను రమ్మని అమ్మ చెప్పిందా అని అడిగాను.

"చెప్పలా. నీ దుప్పటి ఉతికి ఎండేసింది."

ఏప్రిల్ 18

లైనులో ఉన్నాను. అమ్మ అన్నం పెట్టింది. తిన్నాను.

ఏప్రిల్ 25

ఈ నెల కూటానికి లైను ఆడవాళ్ళంతా పోయి బెంచీ మీద కూచుంటారట. ఇది అమ్మ ఆలోచన. నేను చెప్పానని ఊరంతా అంటున్నారు, కరుప్పుసామి కూడా వచ్చి నన్నే బెదిరించి పోయాడు. నేను కాదనలేదు. బెదిరింపులు నాకే రానీ.

అరుద్దామా, జెండా పట్టుకుందామా అని అడిగాను. అమ్మ నా మొహం చూసి నవ్వింది. మార్చి నెల తర్వాత ఇదే మొదటిసారి.

"ఏమీ వద్దు. తల దువ్వుకొని రండి. కూసొని వినండి. వాళ్ళు ఏ బాసలో మాట్లాడుకుంటారో చూద్దాం."

ఏప్రిల్ 29

పొద్దున పని ముగించుకుని, స్నానాలు చేసి, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని వచ్చారు. బెంచీ చాలలేదు. మిగతావాళ్ళు నేల మీద కూచున్నారు. బంట్రోతు పోయి చేర్మన్ని అడిగాడు. జనం కదా, కూచోనీ అన్నాడట. అవ్వ బెంచీ మధ్యలో కాళ్ళు మడిచి పైన పెట్టుకుని కూచుంది, వక్క నములుతూ. నేను గోడ పక్కన నిలబడ్డాను. ఇవాళ నన్ను ఎవరూ నిలబడమనలేదు, చోటు లేక నిలబడ్డాను.

అమ్మ ఎప్పటిలాగే తలుపు దగ్గర, చీపురుతో.

మొదట మార్కెట్ వేలం పాట. సుందరమూర్తి నాయుడు పళనిసామి నాయుడి వైపు తిరిగి, అలవాటుగా నోరు తెరిచాడు. తెరిచి మా వైపు చూశాడు. బెంచీ మీద అందరూ కొంచెం ముందుకు వంగారు. ఆయన నోరు మూసుకున్నాడు. కొంచెంసేపటికి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. పళనిసామి నాయుడు బిక్కమొహం వేసి ఏంది, ఏంది అని తెలుగులో అడిగాడు. తర్వాత సుందరమూర్తి నాయుడు ఆయన చెవిలో చెప్పబోయాడు. పళనిసామి నాయుడి చెవి కొంచెం మందమని అప్పుడు మాకందరికీ తెలిసింది.

అవ్వ నములుతున్న వక్క ఒక పక్కకు తోసి, పెళ్ళివారింట్లో మాట్లాడినంత మర్యాదగా అంది.

"చెప్పండి నాయినా, నిమ్మళంగా చెప్పండి. మాకూ పెండ్లి కబుర్లు వినాలని ఉండాది."

తమిళం వాళ్ళకి మాట అర్థం కాలేదు, నాయుడు మొహం అర్థమైంది. గౌండర్ ఒకాయన ముందు నవ్వాడు. తర్వాత చాలామంది నవ్వారు. చేర్మన్ నవ్వలేదు. కొళాయి పని మీద ఓవర్సియర్ రిపోర్టు చదవమన్నాడు.

చదివారు. లైనుకు పోయే దారిలో బండ తగిలినందున, డబ్బు సరిపోనందున, పైపు చత్రం మూలనే ముగించి అక్కడే కొళాయి పెట్టాలని కోరిక. ఎవరైనా ఏమైనా చెప్పదలుచుకున్నారా అని చేర్మన్ అడిగాడు. కౌన్సిలర్లని అడిగాడు.

అమ్మ చీపురు గోడకి ఆనించింది. తలుపు దగ్గర్నించి మూడు నాలుగు అడుగులు ముందుకు వచ్చింది. ఆమె ఆ నేల రోజూ ఊడుస్తుంది, అయినా కూటం నడిచేటప్పుడు అంత లోపలికి రావడం ఎవరూ చూసి ఉండరు. తమిళంలో చెప్పింది. పోయిన కూటంలో ఏమీ వినలేదని చెప్పింది అబద్ధం అంది. నా కొడుకు చెప్పింది నిజం, బండ తగలక ముందే బండ మాట ఇక్కడే విన్నాను అంది. మాట తడబడలేదు.

సుందరమూర్తి నాయుడు లేచాడు. కోపంలో తెలుగే వచ్చింది.

"ఏమే, నీకు కూలి ఇచ్చేది ఎవురే?"

"మునిసిపాలిటీ," అంది అమ్మ, ఆమె కూడా తెలుగులోనే. "మీ చత్రం నేను ఊడ్చలా నాయినా. ఊడ్చి ఉంటే మిమ్ములను అడిగి ఉంటాను."

చేర్మన్ బల్ల కొట్టాడు. ఆయన మొహం ఎర్రబడి ఉంది. అమ్మను అడిగాడు, ఇన్నేళ్ళుగా వీళ్ళిద్దరూ ఇక్కడ తెలుగులో ఇంకేమేమి మాట్లాడుకున్నారు అని. కౌన్సిలర్లందరూ కాగితాలు వదిలేశారు. ఈ ప్రశ్న వాళ్ళ కడుపులో కూడా చాలా కాలంగా ఉన్నట్టుంది.

అమ్మ చేర్మన్ వైపు తిరిగింది.

మిమ్మల్ని గురించి కూడా అన్నారు సామీ, అంది. అది మాత్రం నేను నా నోటితో చెప్పను.

చేర్మన్ మెల్లిగా సుందరమూర్తి నాయుడి వైపు తిరిగాడు. నాయుడు కూచున్నాడు. పళనిసామి నాయుడు చొక్కా గుండీలు చూసుకుంటున్నాడు.

అప్పుడే నేను నోరు తెరిచాను. మాట రాకూడదనుకున్నాను, వచ్చేసింది. డబ్బు లేకపోతే డబ్బు వద్దు, మిగతా గుంట మేమే తవ్వుకుంటాం, బండ తగిలితే బండ కూడా మేమే కొడతాం, పైపు మాత్రం ఇవ్వండి అన్నాను. అమ్మ నా వంక చూసింది. ఈసారి కసురుకోలేదు.

ఇందాక నవ్విన గౌండర్ బలపరిచాడు. చెట్టియార్లు చేతులెత్తారు. లైను జనం తమ చేతులతో తవ్వుకునే షరతు మీద పైపు లైను దాకా, అని రాసుకున్నారు. ఇద్దరు తప్ప అందరూ ఒప్పుకున్నారు. ఆ ఇద్దరూ వద్దని కూడా అనలేదు.

ఏప్రిల్ 30

తవ్వాం. మిల్లుకి పోలేదు. అసలు గేటు దాకా కూడా పోలేదు.

మే 3

తవ్వాం. బండ లేదు. ఒక చోట రాయి ఒకటి వచ్చింది, తలకాయంత. తీసి చత్రం మెట్టు మీద పెట్టి వచ్చాను. అవ్వ చెప్పబట్టి పెట్టాను. ఇలాంటివి నాకు తట్టవు.

మే 6

పైపు కలిపారు. నీళ్ళు వచ్చాయి. మొదట ఎర్రటి తుప్పు నీళ్ళు, తర్వాత మంచివి. లైను పిల్లలంతా కింద పడి తడిశారు. వేరే కొళాయి వద్దన్నవాణ్ణి నేనే. ఇప్పుడూ అది సరైన మాటే. నాయుడు వీధి కొళాయి కూడా ఒకరోజు మళ్ళీ తిప్పుతాను, దాహం లేకపోయినా. ఇవాళ మాత్రం రెండు చెంబులు తాగాను.

మే 7

ఊరికే పోనిస్తారా? ఆర్డరు వచ్చింది. ఆరోగ్య కమిటీ సుందరమూర్తి నాయుడి చేతిలోనే ఉంది. మా అమ్మను హాలు పని నించి తీసేసి దొడ్ల బండికి వేశారు. ఇంటింటి వెనక మరుగుదొడ్ల తట్టలు ఎత్తి బండిలో పోయడం. మా లైనులో అందరికంటే కింది పని అదే. వద్దంటే ఉద్యోగమూ ఇల్లూ రెండూ పోతాయి.

చేర్మన్ దగ్గరికి పోతానన్నాను. జిన్నింగ్ ఫ్యాక్టరీ గేటుకే నిప్పు పెడతానన్నాను. అమ్మ ముక్కుకి కట్టుకునే గుడ్డ ఉతుకుతోంది.

"ఆగు. నాకు ఇల్లు ఉండాది, పని ఉండాది. బండి దగ్గర ఎవురూ గుసగుసలాడరు, నెమ్మదిగా ఉంటాది. నువ్వు నిప్పు పెడితే వాళ్ళు గెలుస్తారు."

"నీకు బాధ లేదా?"

"ఉండాది," అంది. గుడ్డ పిండింది. "వాళ్ళకి కూడా ఉండాది చూడు. అది చాలు ఇప్పటికి."

మే 8

బండి కాడి నేను పట్టుకుని తోశాను. అమ్మ వద్దంది. తోశాను. వీధిలో మిల్లు స్నేహితులు ఎదురొచ్చారు. తల దించుకోలేదు. ముక్కు మాత్రం మూసుకున్నాను.

మే 12

ఇవాళ కరుప్పుసామి వచ్చాడు. ఖాకీ చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. హాలుకి ఊడ్చేమనిషి కావాలట. నెల కూటం దగ్గర పడింది, హాలంతా దుమ్ము, ఉమ్ముడబ్బాలు పొంగిపోతున్నాయి. వేరే కులంవాళ్ళని అడిగితే కొట్టినంత పని చేశారట. లైనులో ఎవరినైనా వెయ్యొచ్చు కదా అన్నాను. కాదట. సుందరమూర్తి నాయుడు ఒక షరతు పెట్టాడు. వచ్చే మనిషికి తెలుగు రాకూడదు.

ఈ ఊళ్ళో చీపురు పట్టేవాళ్ళలో మా వాళ్ళు కానివాళ్ళు ఒక్కరు లేరు. ఆ సంగతి కరుప్పుసామికి తెలుసు. పాపం, ఏం చేస్తాడు. సాయంత్రం ఆడవాళ్ళందరినీ కొత్త కొళాయి దగ్గర నిలబెట్టాడు. అమ్మ బండి దించి అప్పుడే వచ్చింది, చేతులు కడుక్కుంటూ చూస్తోంది. వాడు గొంతు సవరించుకుని, మునిసిపల్ ఆర్డరు చదివేవాడిలాగ అడిగాడు, తెలుగులో.

"మీలో తెలుగు రానోళ్ళు ఎవురెవురు ఉండారు? చెయ్యెత్తండి."

కుప్పమ్మాళ్ చెయ్యెత్తింది. వీరాయి ఎత్తింది. పాప్పమ్మాళ్ చంకలో పిల్లని ఇంకో చంకకు మార్చుకుని ఎత్తింది. లైనంతా ఎత్తింది, ఒక్కరూ నవ్వలేదు. మా అమ్మ తడి చెయ్యి ఎత్తింది.

అవ్వ రెండు చేతులూ ఎత్తింది.